కారే గవాక్షం: ఒక రసాయనశాస్త్ర పాఠం

నీటిపై తేలే వాహనానికి నీరే ప్రధాన శత్రువు కావడం ఒక విచిత్రం. అమెరికా తీరాలలోను, సరస్సులలోను ముప్పై నలభై యేండ్ల వయసు గడచిన మోటారు విహారనౌకలు ఎన్నో కనిపిస్తాయి. చౌకగా దొరికినదని అటువంటి నౌకను కొన్నవారిని తరచుగా వేధించే చిక్కు పక్కగోడలలోని గుండ్రని గవాక్షాలు, అనగా పోర్ట్‌హోల్స్. వాన కురిసిన మరునాడు పరుపుపై ఒక తడిమచ్చ కనిపిస్తుంది. వెంటనే యజమాని దుకాణం నుండి ఒక సిలికోన్ గొట్టం తెచ్చి, చట్రం చుట్టూ పైపైన పూసి, పని ముగిసినదని తృప్తి పడతాడు. నిజానికి అది మరమ్మతు కాదు. మరమ్మతును వాయిదా వేయడం. అంతేకాక, రాబోయే అసలు మరమ్మతును ముందుగానే చెడగొట్టడం.

గవాక్షం ఎందుకు కారుతుందో తెలిస్తే ఈ మాటలోని నిజం బోధపడుతుంది. నౌక గోడ చెక్కదో ఫైబర్‌గ్లాసుదో. చట్రం కంచుదో అల్యూమినియందో. అద్దం స్థానంలో పలుమార్లు ఉండేది ఆక్రిలిక్ ప్లాస్టిక్. ఇవన్నీ వేడికి ఒకే తీరున వ్యాకోచించవు. ఒక డిగ్రీ సెల్సియస్ ఉష్ణోగ్రత పెరిగితే మీటరు పొడవుగల అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది. ఆక్రిలిక్ సుమారు 70 మైక్రాన్లు సాగుతుంది. శీతాకాలపు రాత్రికి, వేసవి మధ్యాహ్నానికి నడుమ 40 డిగ్రీల వ్యత్యాసం ఉంటే, 30 సెంటీమీటర్ల గవాక్షంలో ఆ రెండింటి మధ్య అర మిల్లీమీటరు పైచిలుకు తేడా వస్తుంది. ఈ లాగులాటను ఏళ్ల తరబడి భరించవలసినది నడుమనున్న పలుచని సీలెంటు పొరయే. అది గట్టిపడిననాడు ఏదో ఒక అంచున పట్టు వదులుతుంది. కంటికి కనిపించని ఆ సందులోనికి కేశనాళికా బలం నీటిని లాగుకొంటుంది.

తెరచి మూయడానికి వీలైన గవాక్షాలలో రబ్బరు గాస్కెట్ కూడ ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ వాడే ప్రతి తెలుగు గృహిణికీ దాని స్వభావం తెలిసినదే: కొత్తలో మెత్తగా ఉన్న రబ్బరు కొంతకాలానికి బిరుసెక్కి, ఆవిరిని ఆపలేకపోతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్న వల్కనీకరణ ప్రక్రియ రబ్బరు అణుశృంఖలాల మధ్య గంధకపు వంతెనలు కట్టింది. నొక్కి వదిలితే రబ్బరు మునుపటి ఆకారానికి రావడం ఆ వంతెనల చలవే. కాని నొక్కుడులోనే ఏళ్లు గడిస్తే, ఆక్సిజన్, వేడి కలసి పాత వంతెనలను కొన్నింటిని తెంచి, నొక్కుడుపడిన ఆకారంలోనే కొత్తవి కడతాయి. రబ్బరు తన పూర్వరూపాన్ని మరచిపోతుంది. ఆ మరపుకు పైపూత మందు కాదు. కొత్త గాస్కెట్ ఒక్కటే మందు. పరీక్ష కూడ సులభమే. గాస్కెట్‌ను నొక్కే అంచుకు సుద్ద రాసి గవాక్షాన్ని మూసి తెరవాలి. రబ్బరుపై సుద్దగీత ఎక్కడ తెగితే, నీటికి దారి అక్కడే.

ఇది విహారనౌకలవారి చిల్లర సమస్య అని తీసివేయడానికి వీలులేదు. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక ఏడుగురు వ్యోమగాములతో సహా కూలిపోయినది ఒక రబ్బరు వలయం కారణంగానే. ఆ ఉదయపు చలిలో రాకెట్టు అతుకులలోని వలయాలు బిరుసెక్కి, సందును సకాలంలో పూడ్చలేకపోయాయి. ముందు రాత్రే ఇంజనీర్లు వద్దని వారించారు. వారి మాట చెల్లలేదు. తరువాత విచారణ సంఘంలో రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను బిగించి మంచునీటిలో ముంచి, అది వెంటనే పూర్వరూపానికి రాకపోవడాన్ని లోకానికి చూపించాడు.

ఆ రాకెట్లను నిర్మించిన మోర్టన్ థయోకోల్ సంస్థ పేరులోనే సీలెంటుల చరిత్ర దాగి ఉన్నది. 1920ల దశకంలో జోసెఫ్ పాట్రిక్ అనే రసాయనవేత్త కాన్సాస్ సిటీలో చేసిన ప్రయోగాలలో దుర్గంధభూయిష్టమైన ఒక జిగురుముద్ద ఏర్పడింది. అదే థయోకోల్, పాలీసల్ఫైడ్ రబ్బరు. దాని ద్రవరూపాలు విమానాల ఇంధన తొట్లకు, పిమ్మట పడవలకు సీలెంటులైనాయి. లోహానికి, చెక్కకు అది నేటికీ నమ్మదగినదే. కాని ఆక్రిలిక్ వంటి ప్లాస్టిక్‌లను చెడగొడుతుంది. పాలీయురితేన్ పట్టు ఎంత గట్టిదంటే, మళ్లీ ఊడదీయబోతే గోడే పెళ్లగిలవచ్చు. బ్యూటైల్ ఎన్నటికీ గట్టిపడదు, తీయడం సులభం. సిలికోన్ వేడికి, ఎండకు చక్కగా తట్టుకొంటుంది. తగిన రకాన్ని ప్లాస్టిక్ అద్దాలకు వాడవచ్చు కూడ. అయితే అది వదిలిన జిడ్డుపొరపై మరే సీలెంటూ, రంగూ అంటదు. వెనిగర్ వాసనగల సిలికోన్ విడుదల చేసే ఎసిటిక్ ఆమ్లం లోహానికి హాని. కనుక తప్పు సిలికోన్‌ది కాదు. దేనిపై పూస్తున్నామో విచారించని చేతిది.

ఈ వివేకం తెలుగువారి పూర్వులకు కొత్తది కాదు. కోరమాండల్ తీరపు మసూలా పడవల పలకలను మేకులతో బిగించక, కొబ్బరిపీచు తాళ్లతో కుట్టేవారు. అల తాకిడికి పడవ వంగేది, విరిగేది కాదు. పడవల అతుకులలో గుగ్గిలాన్ని నూనెతో కలిపి నింపడమూ ఈ దేశపు పాత విద్యయే. కదిలే వస్తువుకు కదలగల బందే కావాలన్నది వారెరిగిన సూత్రం.

చట్రం ఊడదీస్తే పాత మరలు విరుగుతాయని, పని ఖరీదైనదని యజమానులు అనడంలో న్యాయం లేకపోలేదు. ఒక వేసవి గడవడానికి తాత్కాలికపు పట్టీ వేయవచ్చు. అది తేలికగా తీయడానికి వీలైనదిగా ఉండాలి. ఆపైన చట్రం తీసి, పాత జిగురును ఆనవాలు లేకుండా గీకి, తడిసిన చెక్కను ఆరబెట్టి, కుళ్లినదానిని మార్చి, తగిన సీలెంటుతో తిరిగి అమర్చక తప్పదు. ఎందుకనగా, పరుపుపై పడిన చుక్క కనిపించే నష్టం మాత్రమే. గోడలోపలి ప్లైవుడ్‌ను, బాల్సా చెక్కను కుళ్లబెట్టే చుక్క కనిపించదు. పైపూత చేసే గొప్ప అపకారం అదే. కొన్నిసార్లు అది నీటిని ఆపదు, ఆనవాలును మాత్రమే దాస్తుంది; మరికొన్నిసార్లు లోపల చేరిన నీరు బయటపడే దారిని మూసివేస్తుంది.

నిర్లక్ష్యపు ఖరీదుకు అధ్యక్షుల నౌకలే సాక్ష్యం. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ విహరించిన పొటోమాక్ 1980లో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో మునిగింది. నావికాదళం పైకి తీసిన పిమ్మట ఓక్లండ్ రేవు సంస్థ దానిని 15,000 డాలర్లకు కొన్నది; పునరుద్ధరణకు దాదాపు 50 లక్షల డాలర్లు పట్టాయి. 1925లో నిర్మితమై అనేక అధ్యక్షులను మోసిన సెకోయా, 2016 నాటికి ఒక పడవల మరమ్మతు కేంద్రంలో శిథిలమై, రకూన్‌లకు నివాసమైనదని డెలవేర్ న్యాయస్థానం తన తీర్పులో పేర్కొన్నది. వీటి దుస్థితికి ఒక్క గవాక్షమే కారణమని కాదు. నౌక ఎంత ఘనమైనదైనా నిర్లక్ష్యాన్ని తట్టుకోలేదని మాత్రం ఇవి చాటుతున్నాయి.

గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని తెలుగు సామెత. కారే గవాక్షం విషయంలో ఆ గోరు చేయవలసిన మొదటి పని పూయడం కాదు, గీకడం.