యూదుల సంహారచరిత్రమును చిన్నపిల్లలకు జెప్పవచ్చునా?

గడచిన శ్రమదినములలో ప్రాథమికశాఖ యైదవ తరగతియందు మేము “యూదులనగా నెవరు?” అని యడుగగా, ముందు బల్లమీది బాలుడొకడు తటాలున లేచి “యేసుప్రభువును చంపినవారండీ” అని చెప్పెను. తరగతిలో నొక్కరును కాదనలేదు. ఆ బాలుని దోషమేమియు లేదు. వానికట్లు నేర్పినవారము మేమే. ప్రతి సంవత్సరము మంచి శుక్రవారపు నాటకములో పిల్లలకు గడ్డములు తగిలించి, “సిలువ వేయుము” అని కేకలు వేయించి, ఆ కేకలు వేయువారికి మాత్రము యూదులని పేరుపెట్టుచున్నాము. ప్రభువునకును, మరియమ్మకును, పేతురునకును ఆ పేరు పెట్టుట లేదు. వారును యూదులే గదా! మేకులు కొట్టినవారు రోమా సైనికులన్న సంగతి సువార్తలో నున్నను మా నాటకములో గానరాదు.

ఈ వ్యాసమునకు ఆ బాలుని మాటయే కారణము.

1933లో హిట్లరు జర్మనీలో నధికారమునకు వచ్చినది మొదలు 1945లో నాజీ రాజ్యము కూలువఱకు ఐరోపాయందు సుమారు 60 లక్షలమంది యూదులు చంపబడిరి. అందు పదునైదు లక్షలమంది పిల్లలని చరిత్రకారుల యంచనా. చంపినవారిలో పెక్కుమంది బాప్తిస్మము పొందినవారే. మార్టిన్ లూథరు 1543లో యూదులమీద వ్రాసిన దూషణగ్రంథమును నాజీలు తమ పనికి వాడుకొనిరి. ఆ దూషణలను లూథరను ప్రపంచసమాఖ్య 1984లో నిరాకరించినది. కావున నిది ఎక్కడనో దూరదేశపు గొడవ యని క్రైస్తవ పాఠశాల ఊరకుండ వీలులేదు.

అయినను పదేండ్ల పిల్లలకు ఇంత ఘోరమేల యని తలిదండ్రులు కొందఱు మమ్ము మందలించిరి. వారి మాట త్రోసిపుచ్చదగినది కాదు. వాషింగ్టను నగరమందలి హోలోకాస్ట్ స్మారక ప్రదర్శనశాలవారును ఈ చరిత్రమును ఆఱవ తరగతికి బైబడినవారికే బోధించుట మేలనుచున్నారు. చిన్నవారు ఒకరి దుఃఖమును గ్రహింతురు గాని దానిని విశాల చరిత్రములో నిలిపి చూడలేరని వారి భావము. మేమును దీని నంగీకరింతుము. అరువది లక్షలనిన పదేండ్లవానికి అంకెప్రక్క సున్నలే. అందుచేతనే చరిత్రమును విడిచి జీవితమొకటి చెప్పుడనుచున్నాము.

మేము చెప్పినది యానుష్ కోర్చాక్ కథ. ఆయన అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్; పోలెండు దేశపు యూదుడు, పిల్లల వైద్యుడు, గ్రంథకర్త. 1912 మొదలు వార్సా నగరములో అనాథబాలుర గృహమును నడపెను. ఆ గృహములో పిల్లలే న్యాయాధిపతులుగా నొక న్యాయస్థానముండెడిది. ఆ న్యాయస్థానము నెదుట కోర్చాకు సైతము ముద్దాయియై నిలిచెను! ఈ మాట విని మా తరగతి పకపక నవ్వి, మన బడిలో నట్టిది యెప్పుడు పెట్టుదురని యడిగినది. (ప్రధానోపాధ్యాయులవారు ఇంకను ఆలోచించుచున్నారు.) పిల్లలు వ్రాసి పిల్లలే చదువుకొను వార్తాపత్రిక నొకదానిని 1926లో ఆయన స్థాపించెను. రెండు పీరియడ్లు ఇట్లే గడచినవి. ఆయన ఎట్లు చనిపోయెనో తెలియకముందే పిల్లలు ఆయనను ప్రేమించిరి. ఈ క్రమము ముఖ్యమని మా నమ్మకము.

1940లో నాజీలు ఆ గృహమును ఘెట్టో గోడల లోపలికి మార్పించిరి. యూదులు చేతికి నీలినక్షత్రపు తెల్లపట్టీ కట్టుకొనవలెనని శాసనము; కోర్చాకు కట్టుకొననని నిరాకరించెను. 1942 జూలై 18వ తేదీన అక్కడి పిల్లలు మన రవీంద్రనాథ ఠాకూరుగారి ‘డాక్‌ఘర్’ నాటకము నాడిరి. జబ్బుపడి గదిలోనే యుండి, కిటికీలోనుండి లోకమును జూచుచు, రాజుగారి యుత్తరముకొఱకు ఎదురుచూచు బాలుని కథ యది. మూడు వారములు గడవకముందే, ఆగస్టు మొదటి వారములో, సుమారు 200 మంది పిల్లలతో గూడ కోర్చాకును, గృహమున ఆయనకు దోడైన స్తెఫానియా విల్చిన్‌స్కాయు రైలు స్థలమునకు నడిపింపబడిరి. తప్పించుకొను వీలు కలిగినను ఆయన పిల్లలను విడువలేదు. రైలు త్రెబ్లింకాకు పోయినది. అక్కడ వారందఱు చంపబడిరి.

ఈ కడపటి సంగతిని మేము రెండు వాక్యములలోనే చెప్పితిమి. శవముల చిత్రములు చూపలేదు. నిద్రపోయిరనియు, దేవదూతలు కొనిపోయిరనియు చెప్పలేదు, చంపబడిరనియే చెప్పితిమి. అట్టి తియ్యని మాటలు పిల్లలు పెద్దవారైన పిమ్మట మమ్ము అబద్ధికులను జేయును. తరగతిలో కొందఱిని ఖైదీలుగను కొందఱిని కావలివారినిగను నిలిపి ఆడించు పద్ధతియు మాకు బొత్తిగా సమ్మతము కాదు.

ఆన్ ఫ్రాంకు దినచర్యను ఎనిమిదవ తరగతికి ఉంచవచ్చును. అయితే అందలి ఆశావాక్యమొకటి గోడమీద వ్రాసి, ఆ బాలిక 1945లో బెర్గెన్ బెల్సెను శిబిరములో మరణించిన మాట మఱచువారే ఎక్కువ. ప్రాగు నగరమునుండి 669 మంది పిల్లలను దాటించిన నికొలస్ వింటను కథ సంతోషకరమైనదే గాని, 1939 సెప్టెంబరు 1వ తేదీన బయలుదేరవలసి, యుద్ధమువలన కదలని కడపటి రైలును గూర్చియు చెప్పనిదే ఆ కథ సగమే.

మూడవ పీరియడు ముగియువేళ ఆ ముందు బల్లమీది బాలుడే లేచి, “యేసుప్రభువు ఆ ఊళ్లో ఉంటే ఆ పట్టీ ఆయన కూడా కట్టుకోవాలా అండీ?” అని యడిగెను. అవునని చెప్పితిమి.

వచ్చు మంచి శుక్రవారపు నాటకములో గడ్డములు అందఱికిని తగిలింపబడును, పేతురునకు గూడ. కోర్చాకు పాఠము జనవరి 27వ తేదీ గల వారములో మరల జరుగును. అభ్యంతరముగల తలిదండ్రులు దానికి ముందే వచ్చి మాతో మాటలాడ గోరుచున్నాము; పాఠమునకే వచ్చి వెనుక బల్లమీద కూర్చుండినను మాకు సంతోషమే.