సెలవుల్లో ఒక మడి

వేసవి సెలవులు వచ్చాయి. హోసూరు, బళ్లారి, బరంపురం, సిరొంచ, యానాం... ఎక్కడి తెలుగు బడి పిల్లలకైనా ఈ సెలవులన్నీ సెల్‌ఫోనుకే పోకూడదని మా కోరిక.

మంచమంత నేల చాలు, లేదంటే ఒక పాత తొట్టి. ఎండ ముదరకముందే పిల్లల చేత తోటకూర విత్తనాలు ఇసుకలో కలిపి చల్లించండి. పక్కన నాలుగు అలసంద గింజలు నాటించండి. వారం లోపే మొలకలు కనిపిస్తాయి. రోజూ నీళ్లు చల్లితే నెల తిరిగేసరికి తోటకూర వండుకోవచ్చు.

తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యాక బడిలో తెలుగుకు చోటు తగ్గింది. బడిలో తగ్గినది ఇంట్లోనే నింపుకోవాలి. మడి, పాదు, కలుపు, మొలక వంటి మాటలు చదివితే మరచిపోతారు, చేత్తో చేస్తే నిలిచిపోతాయి. అవి బాగా తెలిసినవారు అవ్వాతాతలు. వారి దగ్గర ఇప్పుడు నేర్వకపోతే ఆ మాటలు వారితోనే ఆగిపోతాయి. పిల్లలను మడి దగ్గర వారి పక్కన కూర్చోబెట్టండి. అలసందలనే కోస్తాలో బొబ్బర్లు అంటారనీ చెప్పండి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. బడి తెరిచిన రోజున హోంవర్కు కంటే ముందు, "సెలవుల్లో ఏం పండించావు?" అని తెలుగులో అడగండి.