శిక్షకుడు, శిష్యుడు
భద్రాచలమునుండి గోదావరి వెంబడి ఎగువకు పోయినచో, అడవి అంచున చర్ల మండలము కలదు. అచ్చటి బాలుడు ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. అదే దినమున శిఖరము చేరిన నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు.

శిక్షకుడు శేఖర్ బాబు వారిచే మొదట ఎక్కించినది భువనగిరి బండ. పిమ్మట డార్జిలింగు, ఆపై లడఖ్ మంచుకొండలు. కష్టము మెట్టుమెట్టుగా పెరిగెను. దానితోపాటు ధైర్యమును పెరిగెను.

అలసిన దేహము ఒక రాత్రి నిద్రతో తేరుకొనును. మనస్సు అట్లు తేరుకొనదు. నిత్యము తిట్లు, తోడివారితో పోలికలు, పతకము తేనిచో ముఖము చూడననెడి బెదిరింపులు కొంతకాలము పరుగెత్తించును. తరువాత ఆటపై ఇష్టమే ఇంకిపోవును. దీనినే క్రమశిక్షణయని మురియు శిక్షకులు కలరు!

కొండలెక్కువారు తప్పక నేర్వవలసిన విద్య యొకటి కలదు: వెనుదిరుగుట. వాతావరణము చెడినచో, శిఖరము కనుచూపుమేరలో నున్నను దిగిరావలెను. మైదానపు ఆటలలో ఈ విద్యకు గౌరవము తక్కువ. 2021లో టోక్యో ఒలింపిక్సునందు అమెరికా జిమ్నాస్టు సిమోన్ బైల్స్ మానసిక స్వస్థత కొరకు పలు పోటీలనుండి తప్పుకొనగా, పిరికితనమని నిందించినవారు లేకపోలేదు. 2024లో పారిసునందు ఆమెయే మూడు స్వర్ణపతకములు గెలిచెను.

అడవి పల్లెల పిల్లలకు శిక్షకుని నియమించునపుడు, అతని శిష్యులు ఎన్ని పతకములు తెచ్చిరని అడుగుట సహజమే. ఎందరు నడుమనే ఆట మానిరనియు అడుగవలెను.