సంతకం మనది, లెక్క ఎవరిది?

కిందటి వేసవిలో మా పిన్ని కూతురు ఊరినించి వచ్చింది. చేతిసంచిలోంచి ఆవకాయ సీసా తీస్తుందనుకున్నాను, కాగితాల కట్ట తీసింది. తను సర్పంచ్‌గా ఉన్న కాలంలో జరిగిన ఖర్చుల మీద ఆడిట్ వాళ్లు రాసిన అభ్యంతరాలట. వీధి దీపాలు కొన్నట్టు బిల్లుంది, దుకాణం రసీదు లేదు. బోరు మోటారు రెండుసార్లు బాగుచేయించినట్టు రాశారు, ఎవరు బాగుచేశారో లేదు. మురుగు కాలవ పూడిక తీసిన కూలీలకి డబ్బిచ్చామన్నారు, వాళ్ల పేర్లు లేవు.

"ఇవన్నీ ఆయనే చూసుకునేవారక్కా. నేను సంతకం పెట్టేదాన్ని, అంతే" అంది.

ఆ 'అంతే' విని నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఈ పిల్ల సంగతి నాకు తెలుసు. పాలవాడు ఒక్క పూట అర లీటరు తగ్గించినా కేలండర్ మీద గీత గీసి నెలాఖరుకి నిలదీస్తుంది. పొదుపు సంఘం పుస్తకం పదేళ్లు రాసింది, ఒక్క రూపాయి తేడా రాలేదు. ఊరి పుస్తకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం తనది, కళ్లు మొగుడివి!

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మూడో వంతు సీట్లు మనకిచ్చింది. ఆ తర్వాత మన దగ్గర అది సగమైంది. కుర్చీ వచ్చింది సరే, కుర్చీతోపాటు కేష్‌బుక్కు కూడా వచ్చిందని చాలామందికి ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే కొందరికి లాభం. 'సర్పంచ్ గారి భర్త' అని ఒక పదవి మన పల్లెల్లో ఉంది చూడండి, దాని పేరు ఏ చట్టంలోనూ కనపడదు. అందుకే ఆడిట్ కాగితం ఆయన పేరున రాదు. లెక్క తేలని సొమ్మును బాధ్యుల దగ్గర రాబట్టే అధికారం చట్టంలో ఉంది. బాధ్యులెవరంటే ముందు చూసేది సంతకమే.

ఆడిట్ అంటే అదేదో బ్రహ్మవిద్య అనుకుంటాం. నిజానికి మనం రోజూ వంటింట్లో చేసే పనే. ఇంటిపన్ను ఎంత వసూలైంది, రసీదు పుస్తకంలో ఎంతుంది, ఖాతాలో ఎంత పడింది? మూడూ కలవాలి. ఖర్చు రాసిన ప్రతి చోటా ఓచరుండాలి. రోడ్డు వేస్తే ఇంజనీరు కొలిచి ఎం-బుక్కులో రాసిన కొలత ఉండాలి. ఆ కొలత పట్టుకుని వీధిలోకి వెళ్లి టేపు పెట్టడానికి పెద్ద చదువులక్కర్లేదు.

ఆడిట్ వాళ్లు చూసేది కాగితాన్ని. దీపం వెలుగుతోందో లేదో చూడాల్సింది ఆ వీధిలో ఉన్నవాళ్లు. 2006లో ఉపాధి హామీ పనులకి మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ మొదలుపెట్టినప్పుడు చేసింది ఇదే. మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు, గ్రామసభలో పేర్లు పైకి చదివారు. పేరుండీ పనికి వెళ్లనివాళ్లు, పనికి వెళ్లీ కూలి అందనివాళ్లు అక్కడే నోరు విప్పారు. ఏ ఆఫీసులో కూర్చున్నా తెలియని సంగతులు చెట్టు కింద బయటపడ్డాయి.

పంచాయతీ డబ్బుకీ ఆ దారి ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఏటా జమాఖర్చుల లెక్కనీ, ఆడిట్ రిపోర్టునీ గ్రామసభ ముందు పెట్టమంది. మీ ఊళ్లో ఎప్పుడైనా పెట్టారా? మా ఊళ్లో అయితే గ్రామసభ అంటే రిజిస్టరు ఇంటికి తెచ్చి సంతకాలు చేయించుకోవడమే. మా పిన్ని కూడా చేసింది, కందిపప్పు ఏరుకుంటూ! ఇప్పుడు లెక్క చూడాలంటే ఎవర్నీ బతిమాలక్కర్లేదు. 2020లో కేంద్రం తెచ్చిన ఈ-గ్రామ్ స్వరాజ్‌లో పంచాయతీ ఖర్చులు సెల్‌ఫోన్‌లోనే కనపడతాయి, ఇంట్లో పిల్లలు తెరిచి చూపిస్తారు. ఓచరు కాపీ కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి.

సర్పంచ్‌గా ఉన్న చెల్లెళ్లకి ఒక మాట. చెక్కయినా, కంప్యూటర్‌లో పెట్టే డిజిటల్ సంతకమైనా ఒకటే. ఆ డిజిటల్ కీ మీ బీరువాలో ఉండాలి, ఆయన జేబులో కాదు. రసీదు చూడందే సంతకం లేదంటే ఇంట్లో రెండు రోజులు మాటలుండకపోవచ్చు. ఉండకపోనివ్వండి.

మా చెల్లెలు నాలుగు రోజులుంది. ఇద్దరం కింద చాప వేసుకుని ఆ కట్టంతా చదివాం. దీపాలు అమ్మిన దుకాణంవాడు పాత బిల్లు పుస్తకం వెతికి నకలు ఇచ్చాడట. మోటారు బాగుచేసినవాడు ఒక్కసారే వచ్చానని రాసిచ్చాడు. ఆ రెండోసారి డబ్బు సంగతి మాత్రం ఇంట్లో వాళ్లాయనే చెప్పాలి. అడిగావా అన్నాను. "అడిగాను. రెండు రోజులైంది, అన్నం కూడా తనే వడ్డించుకుంటున్నారు" అంది ఫోన్‌లో.