రద్దీ వరద కాదు

యీ మధ్య మా కళాశాలలో జరిగిన సాహిత్య గోష్ఠిలో వొక మిత్రుడు తన కథ చదివి వినిపించాడు. సాయంకాలపు అమీర్‌పేట మెట్రో స్టేషను అందులో రంగస్థలం. జనం వరదలా వచ్చిపడతారు, చీమల్లా మెట్లెక్కుతారు, పశువుల్లా బోగీలోకి తోసుకుంటారు. కథానాయకుడు సున్నిత హృదయుడు గనక, యీ జనానికి క్రమశిక్షణ యెప్పటికి వస్తుందో అని నిట్టూరుస్తాడు. అక్కడితో కథ అయిపోతుంది. వాస్తవికత అంటే యిదేనని వొక విమర్శకుడు మెచ్చుకున్నాడు.

గోష్ఠి ముగిశాక మా ఎం.ఏ. విద్యార్థిని వొకామె నా దగ్గరికి వచ్చి, "నేను రోజూ రైల్లోనే వస్తాను సార్. నేను చీమనా, పశువునా?" అని అడిగింది. యీ వ్యాసం ఆమె ప్రశ్నకు జవాబు.

వరదకు కారణం వాన. వానను యెవరూ నిర్ణయించలేదు. అందుకే వరదను చూసి నిట్టూర్చవచ్చు. కాని రైల్లో రద్దీ ఆకాశం నుంచి పడలేదు. అది కాగితం మీద పుట్టింది. యిది నా ఆవేశం కాదు, అందరికీ తెలిసిన లెక్క.

హైదరాబాద్ మెట్రో 2017 నవంబరు 28న నాగోలు, మియాపూరుల మధ్య 30 కిలోమీటర్లతో ప్రారంభమైంది. 2020 ఫిబ్రవరి 7 నాటికి మూడు మార్గాలు కలిసి సుమారు 69 కిలోమీటర్లయింది. ఆ మార్గాల కోసం కొన్న రైళ్లు 57, బోగీలు 171. అంటే రైలుకు మూడు. ప్లాట్‌ఫారాలు మాత్రం ఆరు బోగీల రైలు ఆగడానికి సరిపడా కట్టారు. దీని అర్థమేమిటి? జనం పెరుగుతారని కట్టినవారికి ముందే తెలుసు. తెలిసే సిమెంటు పోశారు. బోగీలు మాత్రం తేలేదు. 2025లో కూడా రైలుకు మూడే బోగీలు. సగం ప్లాట్‌ఫారం ముందు రైలు వుండదు; రైలున్న సగం దగ్గర మనిషి మీద మనిషి. యిందులో ప్రజల క్రమశిక్షణా రాహిత్యం యెక్కడుంది?

మరొకటి చూడండి. 2019 మార్చి 20న హైటెక్ సిటీ దాకా రైళ్లు నడపడం మొదలుపెట్టారు. అక్కడ రైలును వెనక్కు మళ్లించే ఏర్పాటు అప్పటికి లేదు. అందువల్ల జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఆపైన వచ్చే రైలూ పోయే రైలూ వొకే పట్టా మీద నడవవలసి వచ్చింది. రైలుకూ రైలుకూ మధ్య వ్యవధి పెరిగింది. కొన్ని నెలల దాకా ఆ చిక్కు తీరలేదు. నగరంలో వుద్యోగాలన్నీ యెటు పోగుపడ్డాయో ఆ దిక్కునే అన్ని నెలలు అలా నడిచింది. ఆ నెలల్లో నిలబడి వున్న జనాన్ని చూసి "చీమలు" అన్నవాడు, పట్టాను చూడలేదన్నమాట.

నేను మెట్రోకు వ్యతిరేకిని కాను. రోజూ లక్షలాది మందిని రోడ్డు పొగ నుంచి తప్పించిన సాధనాన్ని కాదనేవాడు మూర్ఖుడు. సంస్థకు నష్టాలు వస్తున్నాయి గదా, బోగీలు యెలా కొంటుందని కొందరు మిత్రులు అడుగుతారు. సరయిన ప్రశ్నే. కాని జవాబు ఆ ప్రశ్నలోనే వుంది. ప్రజల ప్రయాణాన్ని లాభనష్టాల ఖాతాలో రాస్తే, ఆ ఖాతాకు కిక్కిరిసిన బోగీ లోపంగా కనిపించదు, పూర్తిగా వాడుకున్న ఆస్తిగా కనిపిస్తుంది. 2025 మే నెలలో కనిష్ఠ చార్జీ 10 రూపాయల నుంచి 12కు, గరిష్ఠ చార్జీ 60 నుంచి 75కు పెరిగింది. విమర్శలు రాగానే 10 శాతం తగ్గించారు. చార్జీ పెరిగింది గాని బోగీ పెరగలేదు. ఫలక్‌నుమా దాకా పోవలసిన మార్గం 2020లో మహాత్మా గాంధీ బస్ స్టేషను దగ్గరే ఆగింది. మిగిలిన భాగానికి శంకుస్థాపన జరిగింది 2024 మార్చిలో. పాతబస్తీ మనిషికి ఆ యేళ్లన్నీ రద్దీలో నిలబడే అవకాశం కూడా లేదు.

కథలో యీ అంకెలన్నీ గుప్పించమని నేను అనడం లేదు. అంకెలు చెప్పినంత మాత్రాన కథ అభ్యుదయ కథ అయిపోదు. కాని వుపమానానికి కూడా వొక పక్షం వుంటుంది. "వరద" అన్న మాటతో నిర్ణయం చేసినవాడు తప్పించుకుంటాడు. "పశువులు" అన్న మాటతో నేరం నలిగిపోయినవాడి మీద పడుతుంది. మా మిత్రుని కథలో శిల్పానికి లోటు లేదు. లోటు చూపులో వుంది. రైలున్న సగం మీద తోసుకునే జనాన్ని అతడు చక్కగా చూశాడు. ఖాళీగా వున్న మిగతా సగాన్ని కూడా చూసివుంటే, మా విద్యార్థిని నన్ను ఆ ప్రశ్న అడగవలసిన అవసరం వుండేది కాదు.