బిందె ఎత్తిన చెయ్యి తెర మీద ఏది?

తెలుగు సినిమా మనల్ని మరిచిపోయిందని కొందరంటరు. మరువలేదు. దెబ్బలు తినడానికి, ఏడవడానికి, గుడిసెతో పాటు కాలిపోవడానికి మనం కావాలె. లేచి నిలబడితేనే కెమెరా పక్కకు తిరుగుతది.

అమీర్‌పేటలో సారథి స్టూడియో ఉంది కదా, ఆ పేరు 1938లో 'మాలపిల్ల' తీసిన కంపెనీది. పెట్టుబడి చల్లపల్లి జమీందారుది, కథ చలంది, దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. అయితే కథ చెప్పే నోరు అప్పుడూ మనది కాదు.

2021 జూలై 20న 'నారప్ప' వచ్చింది. తమిళ 'అసురన్'కు తెలుగు. చెప్పులు తొడుక్కున్నందుకు ఒక పిల్లను కొట్టి, అవే చెప్పులు నెత్తిన పెట్టి నడిపిస్తారు. గుడిసెలు తగలబెడతారు. ఆ మంటల వెనుక 1968 డిసెంబరు 25న తమిళనాడు కీళవెణ్మణిలో కాల్చేసిన 44 మంది ఉన్నారు. హీరో వెంకటేష్. తీసినవాళ్లలో సురేష్ ప్రొడక్షన్స్ ఒకటి. ఆ సంస్థ పెట్టిన రామానాయుడి సొంతూరు కారంచేడు! ఫలానా ఊళ్లో పుట్టడం నేరమనడం లేదు. ఇంటి ముందటి కథ వదిలి తమిళదేశం దాకా పోయిన్రేమని అడుగుతున్న.

కారంచేడు చెరువు దగ్గర తాగే నీళ్లు పాడుచేయొద్దన్న పాపానికి కొట్టబోతే, మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు, 1985 జూలై 17న, మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. సినిమావాళ్లకు కావలసింది ఇక్కడితో అయిపోతది. మన కథ ఇక్కడే మొదలైతది. బతికినోళ్లు చీరాల చేరి శిబిరం వేసుకున్నరు, ఊరికి తిరిగిపోమన్నరు. బొజ్జా తారకం ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా ఇచ్చిండు. దళిత మహాసభ పుట్టింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చిందంటే అందులో ఆ శిబిరం బలం ఉంది. ఇందులో సినిమాకు పనికిరానిదేంది? మా బడి పిల్లలకు చెప్పుల సీను తెలుసు. చీరాల శిబిరం తెలియదు.

దెబ్బలు చూపకపోతే పైకులాలకు ఎట్ల తెలుస్తదని మనోళ్లే అడుగుతరు. కొట్టినోళ్లకు తెలియకనా? 2019 ఏప్రిల్‌లో పంజగుట్టలో పెట్టిన అంబేద్కర్ విగ్రహాన్ని అనుమతి లేదని తీసి చెత్త లారీలో తరలించారు. విరిగిన విగ్రహాన్ని టీవీలు చూపించినయి. చూసి ఎవరు మారిన్రు?

అమెరికా నల్లజాతి వారిలోనూ ఇదే తగువు నడుస్తోంది. 1955లో మిసిసిపీలో 14 ఏళ్ల ఎమ్మెట్ టిల్‌ను తెల్లవాళ్లు చంపితే, తల్లి మేమీ శవపేటిక మూత తీసి ఉంచింది, లోకమంతా చూడాలని. ఆ గాయం చూపాలా వద్దా అన్నది తల్లి నిర్ణయం, ఏ నిర్మాతదీ కాదు. 2022లో ఆ కథను 'టిల్' పేరుతో తీసిన నల్లజాతి దర్శకురాలు చినోన్యే చుక్వు కొట్టే దృశ్యం తెర మీద పెట్టలేదు. కొడుకు పోయినంక ఆ తల్లి ఏం చేసిందో అది తీసింది.

అమీర్‌పేట సత్యం టాకీసు పోయి 2023లో అక్కడ పెద్ద మాల్ లేచింది. అందులో టికెట్టు కొనేవాళ్లలో మన హాస్టలు పిల్లలూ ఉన్నరు. సువార్త కథ ఎప్పుడు తీస్తరని వాళ్లు అడగాలె. తీసేదాకా ఆగే పని లేదు. చీరాల శిబిరంలో ఉన్నోళ్లు ముసలోళ్లయిన్రు. చేతిలో ఫోన్లున్నయి. పోయి వాళ్ల మాట వాళ్ల నోటనే రికార్డు చేసుకొని రండి.