కొండకు నిప్పు – ఊరికి ముప్పు

మాఘమాసం దాటిందంటే తిరుపతి, కడప ప్రాంతాల శేషాచలం కొండలలో చెట్లు ఆకు రాలుస్తాయి. ఇంటి కప్పుకు వాడే బోదగడ్డి నిలువునా ఎండిపోతుంది. అయినా కొండ అంచు పల్లెలలో పనులు ఆగవు. తెల్లవారేసరికి కట్టెలకు కొందరు, చింతకాయలు దులపడానికి కొందరు, మేకల వెంట మరికొందరు బయలుదేరుతారు. సాయంత్రం ఇల్లు చేరినవారి చూపు ముందుగా కొండవైపే పోతుంది. చీకట్లో ఎర్రని గీత కనిపిస్తే కార్చిచ్చు రేగినట్లే.

వెదుళ్ల రాపిడికి అడవి అంటుకుంటుందని చాలామంది నమ్మకం. కాని మన దేశంలో అడవి మంటలు ఎక్కువభాగం మనుషుల వల్ల పుట్టేవే. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు. కొన్నిచోట్ల పశువులకు కొత్త గడ్డి మొలవాలని, మరికొన్నిచోట్ల ఇప్పపూలు ఏరడానికి నేల శుభ్రపడాలని నిప్పు పెడతారు. కాలిన నేలలో గడ్డి త్వరగా చిగురించే మాట నిజమే. అయితే ఆ లాభం ఎన్నాళ్లు? చెట్ల మొలకలు, నేలమీది పక్షిగూళ్లు బూడిదవుతాయి. ఆకుల పరుపు లేని వాలుమీద వాననీరు ఇంకదు. మట్టిని కోసుకుపోయి చెరువును పూడుస్తుంది. ఊరి బావి అడుగంటుతుంది.

2014 మార్చిలో తిరుమల సమీపాన శేషాచలం అడవి, 2019 ఫిబ్రవరిలో కర్ణాటకలోని బండీపుర అడవి తగలబడినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్లు చల్లవలసి వచ్చింది. అది మంట చేయి దాటాక చేసే పని. చిన్న మంటను ముందుగా చూసేది పశువుల కాపరి. పచ్చికొమ్మలతో కొట్టి దాన్ని ఆర్పగలిగేది దగ్గరున్న ఊరివారు. ఉపగ్రహం మంట జాడ చెప్పగలదు కాని, ఆర్పలేదు కదా!

పొగ కనిపించిన ప్రతిసారీ పల్లెవారిని దోషులుగా నిలబెడితే ఏమవుతుంది? మంటను చూసినవాడు కూడా నోరు మెదపడు. అడవుల రక్షణలో గ్రామస్థులకు భాగం కల్పించాలని 1990లోనే కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు సూచించింది. ఆ మాట ఏటా ఎండలు ముదరకముందే ఆచరణలో కనిపించాలి. ఎండుటాకులు, గడ్డి తొలగించి మంట దాటని బాటలు తీయించాలి. ఆ కూలి, కావలి పని ఊరివారికే దక్కాలి. నిప్పు పెట్టే అలవాటును ఊరివారూ మానుకోవాలి.

భయపడి తలుపు మూసుకునే ఊరు అడవిని కాపాడలేదు. కేకవేసి నలుగురినీ పిలిచే ఊరే అడవికి అసలైన కంచె.